ఆపేసినాను పెద్దమ్మా

నాతో పనిచేసేవాళ్ళు నా గురించి ఒక మాట అంటుంటారు. ఆమె రుజువు లేనిదే ఒక్క అక్షరం కూడా రాయదు అని. మెచ్చుకోలుగానే అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను మాట మార్చేస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను.

బరువు మోసేవాళ్ళు ఎక్కడో ఒకచోట దించి, నడుం పట్టుకుని, కాసేపు నిలబడతారు. నాకు దించే చోటు దొరకలేదు. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. దేవుడికైనా చెప్పుకుందామని ఒకసారి అహోబిలం పోయాను. ఎగువ అహోబిలం మెట్లెక్కి, వరుసలో నిలబడి, నా వంతు వచ్చేసరికి పిల్లల చదువుల గురించి మొక్కుకుని దిగి వచ్చేశాను. దేవుడికి చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నాను? మీరు నా ముఖం చూడలేరు కనుకనా? అదే అయ్యుండాలి. ఆ రోజు సుంకమ్మ అనే ఒకామె కూడా తన సంగతి నాకు అందుకే చెప్పింది. నేను ఆ ఊరిదాన్ని కాను, మళ్ళీ ఆ గడప తొక్కను అనుకుంది.

మొదటి నుంచి చెబుతాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే ఆ వాక్యాలు నమ్మకండి.

మాది నందికొట్కూరు. నాన్నకు బజారులో విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉండేది. రెండుసార్లు ఎంసెట్ రాశాను. రెండుసార్లూ సీటు రాలేదు. తర్వాత ఏదో డిగ్రీ అనిపించుకుని ఇంట్లో కూర్చున్నాను. మావాళ్ళలో ఆడపిల్ల చదువు ఆగిందంటే ఇక ముహూర్తం పెట్టుకోవడమే. మేనత్త ఊరికూరికే ఇంటికి రావడం, వాళ్ళబ్బాయి నూనె మిల్లు గురించి మాట్లాడటం మొదలైంది. సరిగ్గా అప్పుడే పేపర్లో ఒక ప్రకటన చూశాను. కడప దగ్గర కొత్తగా పెట్టిన ప్రైవేటు యూనివర్సిటీ, ఏరియా స్టడీస్‌లో ఎం.ఏ. ప్రవేశ పరీక్ష లేదు.

నాన్న ప్రకటన రెండుసార్లు చదివి, "ఏరియా అంటే ఏ ఏరియామ్మా? ప్లాట్లు కొలిచేదా?" అని అడిగాడు.

నాకూ తెలియదు. ఇల్లు దాటాలి, అంతే. నాన్న ఒప్పుకున్నాడు. "రెండేండ్లు. ఫస్టుక్లాసు తెచ్చుకో. లేదంటే ఇంగ నన్నేమీ అడగొద్దు" అన్నాడు. కోపంగా అనలేదు. అలసిపోయి అన్నాడు. రెండుసార్లు తప్పిన కూతురి గురించి అంగట్లో నలుగురికీ జవాబు చెప్పి అలసిపోయాడు.

యూనివర్సిటీ కడప ఊరి బయట, బండల క్వారీలకు పోయే దారిలో ఉండేది. నేలంతా నల్లటి కడప బండలు. ఎండాకాలం వాటి మీద చెప్పుల్లేకుండా నడవలేకపోయేవాళ్ళం. మా తరగతిలో పదకొండు మందిమి. చదువేమిటో అక్కడికి పోయాకే తెలిసింది. ఒక నేలను, దాని వానను, పంటను, మాటను, పండగను, ఆ నేల వదిలి పోయేవాళ్ళను, అందరినీ కలిపి చదవడం. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. నేను పుట్టి పెరిగిన జిల్లాను అంతకుముందు అంగట్లో గల్లాపెట్టె వెనక నుంచి మాత్రమే చూశాను. రైతులు లోపలికి వస్తారు, బాకీ చెబుతారు, సంచి ఎత్తుకుని పోతారు. ఎక్కడికి పోతారో ఎప్పుడూ ఆలోచించలేదు.

హాస్టల్లో నా గది పంచుకున్న అమ్మాయి ఉరుకుందమ్మ. ఆదోనికి అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉండే పల్లె వాళ్ళది. కూలి చేసుకునే కుటుంబం. స్కాలర్‌షిప్పు మీద వచ్చింది. డబ్బును దుడ్లు అనేది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. చిన్నప్పుడు ప్రతి ఏడూ అమ్మానాన్నల వెంట సుగ్గికి పోయేదాన్నని చెప్పింది. సుగ్గి అంటే వాళ్ళ వైపు వలస. వానలు తప్పి పైరు ఎండిపోయాక, ఇంటికి తాళం వేసి, ఊరు ఊరంతా లారీలెక్కి గుంటూరు వైపు మిరపచేలకు పోతారు. కోతలయ్యాక తిరిగొస్తారు. ఆమె బడి ప్రతి ఏడూ మూడు నెలలు అలాగే పోయేదట. ఆ మూడు నెలల పాఠాలు తనంతట తాను చదువుకుని ఇక్కడి దాకా వచ్చింది. నేను అన్నీ ఉండి రెండుసార్లు తప్పాను. ఆమె ముందు నాకు సిగ్గుగా ఉండేది. ఆ సిగ్గును స్నేహం అనుకున్నానా? కాదు, స్నేహం కూడా ఉంది. అది లేకపోతే ఇంత రాయనక్కర లేదు.

రెండో ఏడు అందరం ఒక్కో సిద్ధాంత వ్యాసం రాయాలి. నేను సుగ్గిని ఎంచుకున్నాను, ముఖ్యంగా ఆడవాళ్ళ సుగ్గి. మా శాఖాధిపతి మంచి మనిషి. ఆయన పేరు చెప్పను, సారు అంటాను. నా చిత్తుప్రతిని ఆయన రెండుసార్లు వెనక్కిచ్చాడు.

"ఇది తహసీల్దారు నివేదికలా ఉందమ్మా. ఇందులో మనిషి గొంతు ఎక్కడ?"

ఆ మాటకు నేను ఎంత బెదిరిపోయానో ఇప్పుడు చెబితే మీకు నవ్వు రావచ్చు. పిల్లలు చేరడం లేదని మా శాఖను మూసేస్తారన్న మాట అప్పటికే తిరుగుతోంది. పిహెచ్.డి.కి ఒకే ఒక్క ఫెలోషిప్పు ఉంది. అది వస్తే ఇంకో నాలుగేళ్ళు ఇంటికి పోనక్కర లేదు. రాకపోతే నూనె మిల్లు. మూడోసారి తప్పిన కూతుర్ని నాన్న ఏ ముఖంతో చూస్తాడో ఊహించుకుంటే నాకు అన్నం సహించేది కాదు. జుట్టు ఊడిపోయేది. తరగతిలో కూర్చుని గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కునేదాన్ని. ఉరుకుందమ్మ చూసి చూసి ఒకరోజు, "మా ఊరికి పోదాం పా. మా పెద్దమ్మ సుంకమ్మ శానా ఊర్లు తిరిగిండాది. నీకు గావాల్సినంత చెప్తాది" అంది.

ఆమే నన్ను తీసుకుపోయింది. ఆ సంగతి గుర్తుంచుకోండి.

కర్నూలు మీదుగా ఆదోని పోయి, అక్కడి నుంచి ఆటోలో, చివరికి నడిచి ఆ ఊరు చేరాం. మేం పోయేసరికి సుంకమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, వాటి మీద ఎవరి బిడ్డనో పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. ఆ ఊళ్ళో ఎవరు కాన్పయినా పసిబిడ్డకు మొదటి మూడు నెలలూ ఆమే నీళ్ళు పోయాలట. ఆమె చేతి కింద బిడ్డలు ఏడవరని పేరు. నేను చూశాను. వేడినీళ్ళు చెంబుతో పోస్తూ ముక్కు నొక్కుతూ, తల నిమురుతూ, ఏదో గొణుగుతూ ఉంటే ఆ బిడ్డ నిజంగానే ఏడవలేదు. సన్నటి మనిషి. నలభై దాటి ఉంటాయి. భర్త తిమ్మప్ప కరువు పనికి పోయాడు. పెద్ద పిల్లలిద్దరికీ పెళ్ళిళ్ళయిపోయాయి.

రెండు రోజులు ఆమెతో కూర్చున్నాను. నా దగ్గర డిపార్టుమెంటు వాళ్ళిచ్చిన చిన్న టేపు రికార్డరు ఉంది. మొదట దాన్ని చూసి బెరుకుపడింది. తర్వాత మరిచిపోయింది. లారీ ప్రయాణాలు, గుడిసెలు, కూలీలను తోలుకుపోయే మేస్త్రీల తిట్లు, మిరప మంటకు రాత్రంతా కాలే చేతులు, అన్నీ చెప్పింది. అంతా మంచి సమాచారమే. కానీ సారు అడిగిన గొంతు అది కాదని నాకు తెలుస్తూనే ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం కొళాయిలో నీళ్ళు వచ్చాయని ఉరుకుందమ్మ బిందె తీసుకుని పోయింది. సుంకమ్మ చేటలో వేరుశనగకాయలు ఒలుస్తోంది. నేను ఊరికే, "పెద్దమ్మా, మీకు ఇద్దరేనా పిల్లలు?" అని అడిగాను. చేతులు ఆగిపోయాయి. వాకిలి వైపు చూసింది.

"ఆ మిషను ఆపు తల్లీ. నీకొక మాట చెప్తా. రాసేకి గాదు. నీకాడనే ఉండనీ."

నేను రికార్డరు చేతిలోకి తీసుకున్నాను. వెనక బ్యాటరీల మూత మీద బొటనవేలు పెట్టి నొక్కాను. టక్కుమంది.

"ఆపినావా?"

"ఆపేసినాను పెద్దమ్మా."

ఆపలేదు. అది తిరుగుతూనే ఉంది. దాన్ని బోర్లా తిప్పి ఒళ్ళో పెట్టుకుని, పైన చున్నీ కప్పాను.

ఎందుకు చేశాను? ఆ క్షణంలో నాలో ఆలోచన లేదని చెప్పాలని ఉంది. ఉంది. ఆ ఆలోచన చాలా స్పష్టంగా ఉంది. ఇదే, వచ్చేసింది, పోనీయకూడదు అనుకున్నాను. ఆ ముసలితనం ముంచుకొస్తున్న ముఖంలో దుఃఖం పైకి వస్తుంటే నాకు కలిగింది జాలి కాదు. చదువుకున్న ప్రశ్నే పరీక్షలో వచ్చినంత సంతోషం.

ఆమె చెప్పింది ఇది. మూడో బిడ్డ ఆడపిల్ల. ఎనిమిది నెలలది. పాలు తాగే బిడ్డను తీసుకుని సుగ్గికి వద్దని ఆమె అంటే, తిమ్మప్పే పోదామన్నాడు. మిరప ఘాటుకు బిడ్డకు దగ్గు పట్టుకుంది. అక్కడి ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గుమందు సీసా ఇచ్చాడు. పొద్దున అర మూత, మాపున అర మూత అన్నాడు. అది తాగితే బిడ్డ నిద్రపోయేది. నిద్రపోతే సుంకమ్మ పని సాగేది. బిడ్డ ఏడిస్తే పని ఆగుతుంది, మేస్త్రీ నోటికి వచ్చినట్టు తిడతాడు. ఒకరోజు మూత నిండా పోసింది. మరుసటి రోజు రెండు మూతలు. ఆ మూడోనాడు తుమ్మచెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ మధ్యాహ్నమైనా లేవలేదు.

"పాలు సేపుకొచ్చి రైకంతా తడిసిపాయ. అప్పుడు పోయి సూసినా. సల్లగుండాది."

తిమ్మప్ప ఆ రోజు వేరే చేలో బస్తాలెత్తే పనికి పోయాడు. సాయంత్రం వచ్చాక, జ్వరం తలకెక్కిందని చెప్పింది. సీసా కాలవలో పారేసింది. బిడ్డను కాలవగట్టున పూడ్చారు.

"తానే పిల్చుకపోయి సంపినా అని ఆయప్ప ఇంగా ఏడుస్తాండాడు. నేను సూస్తా ఉంటా. నోరు రాదు. తొమ్మిదేండ్లాయ."

ఇంతలో ఉరుకుందమ్మ నీళ్ళతో వచ్చింది. సుంకమ్మ మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. మేం బయలుదేరేటప్పుడు నా తల నిమిరింది. ఎన్నో బిడ్డల తలలు నిమిరిన చెయ్యి. మెత్తగా ఉంది.

వారం తిరక్కుండా ఆ అధ్యాయం రాశాను. సుంకమ్మ పేరు మార్చాను. పేరు మార్చాను కదా, ఇంకేం అనుకున్నాను. ఊరి పేరు మార్చలేదు. ఊరి పేరు లేకపోతే ప్రాంతీయ అధ్యయనం ఏముంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సారు చదివి కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "రాయడానికి ఆమె ఒప్పుకుందా అమ్మా?" అని అడిగాడు. తల ఊపాను. అంతే. మాట కూడా ఖర్చు పెట్టలేదు.

మా శాఖ గురించి నలుగురికీ తెలియాలని సారు ఒక పేపరు విలేకరికి ఆ అధ్యాయం ఇచ్చాడు. జిల్లా పేజీలో వచ్చింది. నా ఫోటో వేశారు. ఊరి పేరు వేశారు. నాన్న ఆ కాగితాన్ని అంగట్లో బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాడని అమ్మ ఫోన్లో చెప్పింది. నాన్న నా గురించి గర్వపడటం నా జీవితంలో అదే మొదలు.

సుంకమ్మ వాళ్ళ ఊళ్ళో టీ హోటలు దగ్గర ఎవరో దాన్ని గట్టిగా చదివారట. ముగ్గురు పిల్లల్లో చిన్నది, మిరపచేను, కాలవగట్టు. పేరు ఏదైతేనేం, ఆ ఊళ్ళో అలాంటి ఇల్లు ఒకటే.

నాలుగో రోజు వాళ్ళు వచ్చారు. తిమ్మప్ప, సుంకమ్మ, ఊరిపెద్ద ఒకాయన. నన్నూ ఉరుకుందమ్మనూ సారు గదికి పిలిపించారు. సుంకమ్మ తలుపు దగ్గరే గోడకు ఆనుకుని నిలబడింది. తిమ్మప్ప జేబులోంచి పేపరు ముక్క తీసి, మడతలు విప్పి, సారు బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు.

"సార్, మా ఆడమనిషి ఇట్ల చెప్పలేదంటాండాది. ఇరవై ఏండ్లు దాటిపాయ మేము కాపరం చేయబట్టి. ఆయమ్మ నాకాడ అబద్దం చెప్పదు. ఈ పాప యాంటికిట్ల రాసిందో అడగండి. మా బిడ్డ జరమొచ్చి పాయ."

అర్థమైందా మీకు? అతను నన్ను కొట్టడానికి రాలేదు. పెళ్ళాం మాట నమ్మి, ఆమె పరువు కాపాడటానికి అంత దూరం వచ్చాడు.

సారు నా వైపు తిరిగాడు. "కల్పించి రాసి ఉంటే ఇప్పుడే చెప్పు. వ్యాసం వెనక్కి తీసుకుందాం. కానీ డిగ్రీ ఉండదు" అన్నాడు.

ఒక్క మాట చాలు. కల్పించాను సార్ అంటే చాలు. లేదా, ఇంకో ఊరామె చెప్పింది, పొరపాటున ఈ ఊరి పేరు రాశాను అంటే చాలు. తిమ్మప్ప నన్ను నాలుగు తిట్టి, పెళ్ళాన్ని తీసుకుని ఇంటికి పోయేవాడు. ఆ పేపరు ముక్క పొయ్యిలోకి పోయేది. నా డిగ్రీ పోయేది. పోతే ఏమయ్యేది? నూనె మిల్లు వాకిట్లో ముగ్గు పెట్టుకుంటూ బతికేదాన్ని. ఎంతోమంది బతకడం లేదా? ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను. అప్పుడు నాకు కనిపించింది అంగట్లో అద్దం కింద పేపరు, దాని మీద నాన్న చెయ్యి. అబద్ధం ఆడితే ఆమె బతుకుతుంది, నిజం చెబితే నేను బతుకుతాను. ఎప్పుడూ నిజమే చెప్పాలని మనకు నేర్పుతారు కదా. ఆ రోజు ఆ పాఠం నాకు ఎంత బాగా పనికొచ్చిందో.

"టేపు ఉంది సార్" అన్నాను.

హాస్టలు అక్కడికి మూడు నిమిషాల నడక. గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. క్యాసెట్టు పెట్టి, ఆ చోటు వెతికాను. ఆపినావా. ఆపేసినాను పెద్దమ్మా. నా గొంతు ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా ఉందో. సారు మొత్తం వింటానంటే? వెనక్కి తిప్పాను. మిషను ఆపు తల్లీ అన్న మాటకు ముందు నిలిపి, రికార్డు చేసే ఎర్ర మీట నొక్కి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆమె మాట, నా టక్కు, ఆమె ప్రశ్న, నా జవాబు, అన్నీ చెరిగిపోయేదాకా. తర్వాత పెట్టి విన్నాను. ఆ మాటలున్న చోట గదిలోని ఫ్యాను చప్పుడు మాత్రం ఉంది. గర్రుమని, పది పన్నెండు క్షణాలు. దాని వెంటనే సుంకమ్మ గొంతు, మూడో బిడ్డ ఆడబిడ్డ అంటూ.

నేను చేసిన తప్పు ఇదీ. ఆపకపోవడం ఆశతో చేశాను అనుకోండి. పేపర్లోకి రావడం నా చేతిలో లేదు అనుకోండి. ఇది మాత్రం గడియ పెట్టుకుని, తెలిసి, జాగ్రత్తగా, రెండుసార్లు సరిచూసుకుని చేశాను.

సారు మొదటి నుంచి పెట్టమన్నాడు. నిజంగానే మొదటి నుంచి విన్నాడు. తన పేరు, ఊరు ఆమె చెప్పుకోవడం, లారీలు, మేస్త్రీలు. ఫ్యాను చప్పుడు వచ్చింది. ఆ గదిలోనూ ఫ్యాను తిరుగుతోంది కనుక ఎవరికీ తేడా తెలియలేదు. ఉరుకుందమ్మ మాత్రం ఒక్కసారి తలెత్తి రికార్డరు వైపు చూసింది. వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో ఫ్యాను లేదు. ఆమెకు తట్టిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

సల్లగుండాది అన్న మాట దగ్గర తిమ్మప్ప కింద కూర్చున్నాడు. కుర్చీ ఉన్నా నేల మీదే, గొంతుక్కూర్చున్నాడు. సారు టేపు ఆపబోతే వద్దని చెయ్యి ఎత్తాడు. చివరిదాకా విన్నాడు. తానే పిల్చుకపోయి సంపినా అని ఆయప్ప ఇంగా ఏడుస్తాండాడు. ఆ మాట కూడా విన్నాడు.

అంతా అయిపోయాక ఊరిపెద్ద సుంకమ్మ వైపు తిరిగి, "ఏమ్మే?" అన్నాడు.

ఆమె అతని వైపు చూడలేదు, మొగుడి వైపూ చూడలేదు. నా వైపు చూసింది. ఆపేసినానంటివి గదా అని ఇప్పుడు అంటుంది, ఇక అంతా బయటపడుతుంది అనుకున్నాను. ఎదురుచూశాను. మనసులో ఒక మూల కోరుకున్నాను కూడా, అదీ నిజమే. ఆమె అనలేదు.

"గొంతు నాదే" అంది.

అంతకు మించి ఒక్క మాట లేదు. ఎందుకు చెప్పలేదు? చెప్పినా ఎవరు నమ్ముతారనుకుందా? చదువుకున్న పిల్ల మాట ముందు తన మాట నిలవదనుకుందా? లేక, బిడ్డ విషయంలో దొరికిపోయాక మిగిలినదంతా ఆమెకు చిన్నదైపోయిందా? నన్ను కాపాడాలనుకుందేమో అన్న ఊహ కూడా ఒకసారి వచ్చింది. ఆ ఊహ వచ్చిన రోజు నేను పాఠం మధ్యలో ఆపేసి తరగతిలోంచి బయటికి పోయాను.

తిమ్మప్ప లేచి సారుకు దండం పెట్టి, ఆమె కోసం ఆగకుండా నడిచిపోయాడు. ఆమె కొంగు సర్దుకుని, చాలా వెనకగా, అతని వెంట పోయింది. పేపరు ముక్క బల్ల మీదే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఉరుకుందమ్మ మంచం మీద నా పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "మావోళ్ళు నిన్ను అనుమానపడిరి. మనసులో పెట్టుకోవద్దు" అంది. ఆమె నన్ను క్షమాపణ అడిగింది. నేను పర్వాలేదన్నాను. పర్వాలేదు అన్నాను!

ఫస్టుక్లాసు వచ్చింది. ఫెలోషిప్పు వచ్చింది. వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, ఆధారాల విషయంలో ఈ అమ్మాయి నిజాయితీ మెచ్చుకోదగినది అన్నాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆ శాఖను మూసేశారు. క్యాసెట్లున్న బీరువా ఏమైందో కనుక్కోలేదు. నేను కర్నూలులో ఒక కాలేజీలో చేరాను. పల్లెలకు పోయి మనుషులతో ఎలా మాట్లాడాలి, వాళ్ళ అనుమతి ఎలా తీసుకోవాలి అన్నది నేను చెప్పే పాఠాల్లో ఒకటి. బాగా చెబుతానని పిల్లలంటారు.

పిహెచ్.డి. అయిపోయిన రెండు మూడేళ్ళకు కర్నూలు బస్టాండులో ఉరుకుందమ్మ కనిపించింది. చంకలో నెలల బిడ్డ. టీచరు ఉద్యోగం వచ్చిందట, పెళ్ళయిందట. నన్ను చూసి సంతోషించింది. పెద్దమ్మ ఎలా ఉందని అడగకుండా ఉండలేకపోయాను.

తిమ్మప్ప ఆమెను ఏమీ అనలేదట. కొట్టలేదు, తిట్టలేదు. ఆమె చేతి నీళ్ళు మాత్రం ముట్టడం మానేశాడు. ఆ ఏడు బెంగళూరుకు ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయినవాడు మళ్ళీ రాలేదు. సుంకమ్మ ఒక్కతే ఉంటోంది.

"బిడ్డలకు నీళ్ళు పోసేకి ఇంగ ఎవురూ పిలవరు. ఎవురన్నా బిడ్డనెత్తుకోని ఎదురొస్తే పక్కకు తిరుక్కుంటాది. నా కాన్పుకు నేను పిలుద్దామంటి. మా అత్త వద్దనె. నేనూ గట్టిగా అడగలేదులే" అంది ఉరుకుందమ్మ. బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. తర్వాత నా ముఖంలోకి చూస్తూ, "ఒకటి అడుగుతా. ఏమీ అనుకోకు. ఆ పొద్దు మా పెద్దమ్మ, టేపు పెట్టుకోమనే చెప్పిందా?" అని అడిగింది.

చుట్టూ బస్సులు, కండక్టర్ల కేకలు. ఎవరూ మమ్మల్ని చూడటం లేదు. డిగ్రీ వచ్చేసింది. ఉద్యోగం ఉంది. నాకు పోయేదేమీ లేదు, ఆమె స్నేహం తప్ప. ఆమె అడిగింది నమ్మడానికి, అనుమానించడానికి కాదు. అవును అంటే తన పెద్దమ్మ మీద కోపం తెచ్చుకుని అయినా తేలికపడుతుంది. కాదు అంటే నేనేమవుతాను?

"అవును" అన్నాను.

"చెప్పింటాదిలే. నిన్ను పిల్చుకపోయింది నేనే గదా. నాదే తప్పు" అంది. ఆదోని బస్సు కదులుతుంటే పరిగెత్తి ఎక్కింది. కిటికీలోంచి బిడ్డ చెయ్యి పట్టుకుని నా వైపు ఊపించింది. నేనూ చెయ్యి ఊపాను.

అంటే ఆమె కూడా మోస్తోంది. నాది కూడా ఆమే మోస్తోంది.

ఆ తర్వాత నేను వాళ్ళ ఊరి వైపు పోలేదు. సుంకమ్మ ఉందో లేదో తెలియదు. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక్క ఫోను చాలు. తెలుసుకోలేదు. ఉందంటే పోవాలి కదా. లేదంటే ఇక ఎప్పటికీ పోలేను కదా. ఈ రెంటి మధ్య ఇన్నేళ్ళు దాక్కున్నాను. నా పిల్లలు పుట్టినప్పుడు మా అమ్మ వాళ్ళకు నీళ్ళు పోస్తుంటే నేను ఆ గదిలో ఉండేదాన్ని కాదు. బాలింతకు తడి తగలకూడదని బయట ఉన్నాననుకున్నారు అందరూ.

ఇది చదివి మీరేమనుకుంటారో నాకు తెలియదు. చిన్న వయసు, భయం, చదువు ఒత్తిడి అని మీరు నా తరఫున మాట్లాడతారేమో. వద్దు. అవన్నీ నేను నాకు చెప్పుకున్నాను. అవేవీ ఆ గదికి గడియ పెట్టలేదు, నేనే పెట్టాను. క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన ముగ్గురిలో మీరు లేరు.

ఉరుకుందమ్మ చిరునామా నా దగ్గర ఉంది. ఈ కాగితాలు ఆమెకు పంపుతానని ఇక్కడ రాస్తే ముగింపు బాగుంటుంది. పంపుతానో లేదో నాకే తెలియదు కనుక రాయను. ఇంకో అబద్ధం ఎందుకు?

సుంకమ్మ ఆపమంది. నేను ఆపలేదు. ఆపానని చెప్పాను. ఆ మాట చెరిపేశాను. అడిగిన ఇద్దరికీ అబద్ధం చెప్పాను, ఒకరికి తల ఊపి, ఒకరికి నోటితో. ఈ ఐదు ముక్కలూ ఇంతవరకు ఈ భూమ్మీద నేను తప్ప ఎవరూ ఒకచోట పెట్టి చూడలేదు. ఇప్పుడు మీరు చూశారు. మనసు తేలికపడిందా అంటే, లేదు. కానీ ఇది తెలిసినదాన్ని ఇక నేనొక్కదాన్నే కాను. దానికే, చూడండి, ఏడుపు వస్తోంది.